బడిలో మన అవ్వల గొంతు వినపడాల
(కలమల్లలో ఆదివాసీ విద్యార్థుల కూడికలో మాట్లాడిన మాటలు)



ఎర్రగుంట్ల మీదుగా వచ్చినోళ్ళు థర్మల్ పవర్ పొగగొట్టాలు చూసే ఉంటారు. చానామందికి కలమల్ల అంటే అవే గుర్తు. తెలుగు చరిత్ర పుస్తకాల్లో మాత్రం ఈ ఊరి పేరు చెన్నకేశవ గుడికాడి రాతిశాసనం వల్ల వస్తుంది. రేనాటి చోళరాజు ధనంజయుడు వేయించినాడు, క్రీ.శ. 575 నాటిదని అంచనా. పూర్తిగా తెలుగులో దొరికిన శాసనాల్లో ఇదే మొదటిదని చెప్తారు. అందులో 'ఎరికల్ ముత్తురాజు' అనే మాట ఉంది. దాన్ని పట్టుకుని ఆ రాజు ఎరుకలాయనే అని మనోళ్ళు కొందరు వాదిస్తారు. నేను ఆ జోలికి పోను. పేరు పోలినంత మాత్రాన చుట్టరికం కుదరదు. నాకు పట్టేది ఇంకో సంగతి. ఆ రాయి చెక్కకముందు కూడా జనం తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. అయినా లెక్క మాత్రం రాయి కాడినుంచే మొదలైంది.

మరి మన కుర్రు బాస లెక్క ఎక్కడ మొదలైంది? పోలీసు కాగితాల్లో. 1892లో ముల్లాలి అనే పోలీసు అధికారి మద్రాసు రాజధానిలోని 'నేర జాతుల' మీద పుస్తకం రాస్తే అందులో మనల్ని చేర్చినాడు. 1871లో ఉత్తరాదిన పుట్టిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911 తర్వాత మన వైపూ వచ్చింది. వేలిముద్రలు తీసుకున్నారు, హాజరు వేయించుకున్నారు, స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లలో పెట్టినారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. మన తాతల వేళ్ళ గీతలు దాచిపెట్టినోళ్ళకు మన అవ్వల మాటలు దాచాలని తోచలేదు.

ఇప్పుడన్నా లెక్క సరిగ్గా ఉందా అంటే, 2011 జనాభా లెక్కల పట్టికలు తీసి చూడండి. ఎరుకల బాస తమిళం కింద ఉంటుంది. లంబాడీ హిందీ కింద ఉంటుంది. మన సుగాలి అన్నదమ్ములు తండాలో మాట్లాడేది హిందీ అని ఢిల్లీలో లెక్క! నవ్వొస్తుంది గానీ, పుస్తకాలకూ టీచర్లకూ పైసలు అడగాల్సి వచ్చినప్పుడు ముందర పెట్టేది ఈ పట్టికలే.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బహుభాషా విద్య మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో చిన్నపిల్లలకు పుస్తకాలు చేసినారు. మంచి పనే. ఆ ఎనిమిదింటిలో ఎరుకల లేదు. యానాదులకైతే ఇంట్లోనూ తెలుగే కాబట్టి వాళ్ళకు వేరే ఏమీ అక్కర్లేదనుకున్నట్టుంది. వాళ్ళు చెట్లకు పెట్టుకున్న పేర్లు, మందులకు పెట్టుకున్న పేర్లు మనం చదివిన వాచకాల్లో ఎప్పుడన్నా చూసినామా?

లిపి వచ్చేదాకా, పుస్తకం అచ్చయ్యేదాకా ఆగుదామంటే అవ్వలు ఆగరు కదా. అందుకే నేను రికార్డింగ్ గురించి మాట్లాడాలని వచ్చినా.

2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వం ట్యాబ్‌లు ఇచ్చింది. ఎందుకు? పైనుంచి వచ్చే పాఠం వినడానికి. ఆ పలకకు స్పీకరు ఒక్కటే కాదు, మైకు కూడా ఉంటుంది. మనం వినడానికి మాత్రమే పనికొస్తామా, చెప్పడానికి పనికిరామా అనేదే నా ప్రశ్న.

బడిలో ఇది ఎట్లా చేయొచ్చంటే, ఒక పాప వాళ్ళ అవ్వ ఈతబరికెలతో గంప అల్లేటప్పుడు పక్కన కూచుని మూడు నిమిషాలు రికార్డు చేసుకొస్తుంది. బరికె కోసేది ఎట్లా, చీల్చేది ఎట్లా, అడుగు వేసేది ఎట్లా, అంతా మన బాసలోనే. తరగతిలో దాన్ని వినిపిస్తారు. పిల్లలు ఒక్కొక్క మాట ఆపి ఆపి విని తెలుగు అక్షరాల్లో రాస్తారు. ఇక్కడే అసలైన చదువు జరుగుతుంది. ఈ మాటకు దీర్ఘమా కాదా, మా ఇంట్లో ఇట్లా అనరే అని తగువులాడుకుంటారు. మన బాస రాని సారు ఆ పూట విద్యార్థి అయిపోతాడు. "ఇదేంటమ్మా?" అని అడుగుతాడు, పాప చెప్తుంది. బస్సులో మన బాస మాట్లాడితే ఎవరన్నా వింటారేమో అని గొంతు తగ్గించే పిల్లలు మనోళ్ళు. సారు ముందర గట్టిగా చెప్పడం వాళ్ళకు చిన్న సంగతి కాదు.

ఆ ముక్కకు ముందొక మాట, వెనకొక మాట పిల్లలే చెప్పి కలిపితే అదే పాడ్‌కాస్ట్. కత్తిరించి అతికించడానికి ఆడాసిటీ ఉంది, ఉచితం. పొద్దున ప్రార్థనలో బడి మైకులో వినిపిస్తే చాలు, ఇంటర్నెట్టు కూడా అక్కర్లేదు.

ఇది కొత్త సంగతేమీ కాదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత ఆడోళ్ళు 2008 నుంచి సంఘం రేడియో నడుపుతున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వరలో మామూలు ఫోను చేసి గోండిలో తన గోడు చెప్పుకోవచ్చు, వేరేవాళ్ళు ఫోను చేసి వినొచ్చు. వాళ్ళు పట్నం స్టూడియోల కోసం కాచుకోలేదు.

"తెలుగే సరిగ్గా రాదు, ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇదెందుకు?" అని సార్లు అంటారు. ఇంట్లో వాళ్ళూ అంటారు, వాళ్ళ భయం నాకు అర్థమవుతుంది. కానీ విన్నది రాయడం, రాసింది సర్దడం, నలుగురి ముందర చెప్పడం ఒక బాసలో వస్తే రెండో బాసకు ఆ పిల్ల మళ్ళీ మొదటి నుంచి రావాల్సిన పని లేదు. చట్టం కూడా మన పక్కనే ఉంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, వీలైనంతవరకు పిల్లల మాతృభాషలోనే బోధించాలంటుంది. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాష చదువుకు వసతులు కల్పించమంటుంది. తల్లిదండ్రుల కమిటీ మీటింగుకు పోయేటప్పుడు ఈ రెండు నంబర్లు చీటీ మీద రాసుకుని పోండి.

ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటా. అడగకుండా ఎవరి గొంతూ తీసుకోవద్దు. ఎందుకు తీసుకుంటున్నాం, ఎవరు వింటారు అనేది మన బాసలో చెప్పి, ఆ అవ్వ "సరే" అన్నది కూడా రికార్డులోనే ఉండాల. రేపు తీసేయమంటే తీసేయాల. ఎరుక చెప్పే మన ఆడోళ్ళను సినిమాల్లో ఎన్నిసార్లు నవ్వులాట చేసినారో మీకు తెలుసు. దేవర కాడ పాడేది, పెద్దోళ్ళు బయటికి వద్దన్నది, మైకు ముందుకు తేవద్దు. చిన్నపిల్లల పేర్లు, ఊర్లు ఫేస్‌బుక్‌లో పెట్టద్దు.

ఇంకోటి. 2025లో కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఆదివాణి అనే అనువాద యాప్ తెచ్చింది, మొదట సంతాలీ, భీలీ, ముండారీ, గోండీ భాషలకు. అట్లాంటి వాటికి మేత మనుషుల గొంతులే. రేపు మన గూడేనికీ ఎవరో ఒకరు మైకు పట్టుకుని వస్తారు. వాళ్ళు వచ్చేసరికి మన రికార్డింగులు మన దగ్గర, మన బడిలో, మన పెద్దల మాటకు లోబడి ఉంటే బేరం మన చేతిలో ఉంటుంది.

భోజనాలయినాక రికార్డింగ్ నేర్పిస్తాం. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, నడుమ కాల్ వస్తే అంతా పోతుంది. నోటికి జానెడు దూరంలో పట్టుకోండి, ఫ్యాను ఆపండి. ఫైలు పేరులో తేదీ, ఊరు, సంగతి పెట్టండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంటుగా పంపండి, లేకుంటే శబ్దం నలిగిపోతుంది. రెండు చోట్ల దాచండి. ఎవరి ఫోను చార్జింగ్ అయిపోయిందో, మైకు అన్న దగ్గర ప్లగ్గులు ఉన్నాయి, ఇప్పుడే పెట్టుకోండి.