ఇచ్చిన ఫోను ఎందుకు పలకలేదు
(పూర్వ విద్యార్థుల కలయికలో చేసిన ప్రసంగ పాఠం)

 

టెలిఫోను డిపార్టుమెంటులో ముప్పై ఏళ్ళు పైచిలుకు చేశాను కాబట్టి "సెల్‌ఫోన్ల గురించి నాలుగు ముక్కలు చెప్పరా" అని కార్యదర్శి అడిగాడు. నాలుగు ముక్కలే చెబుతాను. కానీ మొదటి ముక్క మనం చేసిన ఒక తప్పు గురించి. అందులో నా వాటా ఎక్కువ.

2020లో కరోనా వచ్చి బడి మూసేశారు. దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలొచ్చేవి. మన మాష్టర్లు వాట్సాప్‌లో లెక్కలు, నోట్సు పంపేవారు. పిల్లలకు ఫోన్లు లేవని తెలిసి మన సంఘం తరఫున పాత స్మార్టుఫోన్లు పోగుచేశాం. విశాఖపట్నం నుంచి, హైదరాబాదు నుంచి, అమెరికాలో ఉన్నవాళ్ళ నుంచి మొత్తం 11 వచ్చాయి. తుడిచి, ఛార్జింగు పెట్టి, ఆగస్టులో పిల్లలకిచ్చి, ఫొటో దిగాం. ఆ ఫొటో ఈ సంచికలో ఉంటుందనుకుంటాను. వేయకపోతే ఇంకా సంతోషం.

నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరిచారు. ఆ వారం బడికి వచ్చి, పదో తరగతి చదువుతున్న ముక్కాం అమ్మాయిని "ఫోను బాగా పనికొచ్చిందా అమ్మా" అని అడిగాను. తలొంచుకుంది. పక్కనున్న వాళ్ళమ్మ అంది: "బాబూ, మీరిచ్చిన ఫోను మంచిదే. మా సిమ్ము దానికి నచ్చనేదు. నెట్టు రానేదు. మీకు చెప్తే ఏటనుకుంటారో అని ఊరుకున్నాం."

మూడు నెలలు! ఉచితంగా ఇచ్చిన దానికి వంక పెట్టకూడదన్న మొహమాటంతో ఆ తల్లి నోరు విప్పలేదు. మిగతా ఇళ్ళకు వెళ్ళి చూశాను. 11 ఫోన్లలో నాలుగే పిల్లలకు పాఠాలు చూపించాయి. డిపార్టుమెంటులో పనిచేసినవాణ్ణి, ఇచ్చేముందు ఒక్కో ఇంటి సిమ్ వేసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు.

ఏ కంపెనీ అన్నది ఇక్కడ అక్కర్లేదు. ఏదో ఒక కాలంలో ఈ పని చాలా కంపెనీలు చేశాయి. ఎందుకు చేస్తాయో చెబుతాను.

ముందు తాళం ఎటువైపుందో తెలియాలి. అమెరికా నుంచి వచ్చిన రెండు ఫోన్లలో తాళం ఫోనులోనే ఉంది. సిమ్‌లో 15 అంకెల సంఖ్య ఒకటుంటుంది. దాని మొదటి అంకెలు దేశాన్ని, కంపెనీని చెబుతాయి. మన దేశానివి 404తోనో 405తోనో మొదలవుతాయి. ఫోను ఆ అంకెలు చూసి, తనను అమ్మిన కంపెనీవి కాకపోతే తలుపు తీయదు. అక్కడ చాలా ఫోన్లు వాయిదాల మీద అమ్ముతారు, బాకీ తీరేదాకా తాళం. మనవాడు పాపం కొత్త ఫోను కొనుక్కుని పాతది పంపాడు గానీ, తాళం తీయించడం మరిచాడు. కెనడాలో 2017 డిసెంబరు నుంచి ఇలా తాళం వేసి అమ్మడమే నిషేధించారు.

రెండో రకం తాళం ఎక్స్ఛేంజిలో ఉంటుంది. మీ ఫోనులో *#06# కొట్టండి. ఇప్పుడు కాదు, భోజనాలయ్యాక. 15 అంకెలు కనిపిస్తాయి. దాన్నే ఐఎంఈఐ అంటారు. మొదటి ఎనిమిది అంకెలు ఏ తయారీ, ఏ మోడలు అన్నది చెబుతాయి. ఆ తర్వాతి ఆరు మీ ఫోను సొంత నంబరు, చివరిది లెక్క సరిచూసుకునే అంకె. ఫోను టవరుకు పలికినప్పుడు నెట్‌వర్కు దీన్ని అడిగి తీసుకోగలదు. అంటే మీరు ఏ మోడలు ఫోనులో మాట్లాడుతున్నారో కంపెనీకి తెలుసు. "ఈ ప్లాను ఈ మోడలుకే" అని పెట్టడానికి ఆ ఎనిమిది అంకెలు చాలు. ముక్కాం ఇంట్లో జరిగిందిదే. వాళ్ళ సిమ్ బటన్ల ఫోనుకిచ్చిన చవక ప్లానుది. ఆ సిమ్ తీసి పెద్ద ఫోనులో వేస్తే ప్లాను పలకలేదు. సిమ్ చెడిపోలేదు, ఫోనూ చెడిపోలేదు. కట్టిన డబ్బు మాత్రం చిన్న ఫోను దగ్గరే ఉండిపోయింది.

ఇది నిన్నమొన్నటి సంగతి కాదు. 2003లో రిలయన్స్ వాళ్ళు 501 రూపాయలకే సెల్‌ఫోను అన్నప్పుడు మన ఊళ్ళో ఎంతమంది కొన్నారో గుర్తుందా? అది సీడీఎంఏ పద్ధతి. ఫోను ఒక కంపెనీకే పుట్టింది, దానికే పనికొస్తుంది. ముందు కొంచెం కట్టించుకుని మిగతాది నెలనెలా రాబట్టుకోవాలంటే ఫోను పక్క కంపెనీకి పారిపోకూడదు. అప్పిచ్చినవాడు గేదెను గుంజకు కట్టినట్టు. ఇది మొదటి కారణం. దీన్ని నేను పెద్దగా తప్పుపట్టను. బాకీ తీరాక కూడా గుంజ విప్పకపోతేనే తప్పు.

2017లో జియోఫోను వచ్చింది. 1,500 రూపాయలు డిపాజిట్టు, మూడేళ్ళకు తిరిగి ఇస్తామన్నారు. దానికోసం 153 రూపాయల ప్లాను, రోజుకు అర జీబీ. 2023లో జియోభారత్ అని 999 రూపాయల ఫోను వచ్చింది. దానికి 28 రోజుల ప్లాను 123 రూపాయలు, మొత్తం 14 జీబీ, అంటే మళ్ళీ రోజుకు అర జీబీ. అదే కంపెనీలో మామూలు ఫోనుకు రోజుకు 1 జీబీ ఇచ్చే 28 రోజుల ప్లాను అప్పట్లో 209. ఈ తేడా ఎందుకు? చిన్న తెర మీద అంత డేటా ఖర్చవదు, టవరు మీద బరువు తక్కువ. ఈ మాట నిజమే. కానీ సగం నిజం.

మిగతా సగం టూరింగ్ టాకీసులో ఉంది. నేల, బెంచీ, కుర్చీ. తెర ఒకటే, బొమ్మ ఒకటే. నేల టికెట్టు వాడికి బెంచీ వేయడానికి హాలువాడికి పెద్ద ఖర్చవదు. కానీ నేల మరీ సుఖంగా ఉంటే కుర్చీలో ఎవడు కూర్చుంటాడు? 1849లోనే ద్యుపుయి అనే ఫ్రెంచి ఇంజనీరు రైళ్ళ గురించి ఈ సంగతే రాశాడు. మూడో తరగతి పెట్టెలకు కప్పు వేయనిది కప్పు ఖర్చు చూసి కాదు, రెండో తరగతికి డబ్బు పెట్టగలిగినవాడు మూడో తరగతిలోకి దిగకుండా ఉండటానికి అని. 123 రూపాయల ప్లాను పెద్ద ఫోనులో కూడా పనిచేస్తే 209 కట్టేవాడు కూడా దాంట్లోకే దూరతాడు. అందుకే కంచె.

ఇందులో మంచీ ఉంది, దాచను. ఆ కంచె లేకపోతే ఆ చవక ప్లానే ఉండదు. మన చేపలకంచేరులో వేటకెళ్ళేవాళ్ళ ఇళ్ళల్లో మొదట ఇంటర్నెట్ వచ్చింది అలాంటి ఫోన్లలోనే.

మూడో కారణం వ్యాపారం కాదు, సాంకేతికం. 2016 సెప్టెంబరు 5న మొదలైనప్పుడు జియోకు 2జీ, 3జీ లేవు, ఉన్నది 4జీ ఒక్కటే. అందులో మాట కూడా డేటాలాగే పోవాలి. దాన్నే వోల్టీ అంటారు. 4జీ అని రాసి ఉన్న పాత ఫోన్లలో కొన్నింటికి అది చేతకాదు, డేటా వస్తుంది కానీ మాట పోదు. మనం ఇచ్చినవాటిలో ఒకటి అలాంటిదే. దీనికి ఎవరినీ తిట్టలేం. తిట్టాల్సింది మొదటి రెండు రకాలను మూడో రకంలాగా చెప్పినప్పుడు. "మీ ఫోను సపోర్టు చేయదండీ" అని కౌంటరులో ఒకే మాట అంటారు. చేయలేదా, చేయనివ్వలేదా? ఈ ప్రశ్న గట్టిగా అడగండి.

చట్టం ఏమంటుంది? 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక నిబంధన తెచ్చింది. చూసే విషయాన్ని బట్టి, ఒక వెబ్‌సైటుకు ఒక రేటు, ఇంకోదానికి ఇంకో రేటు పెట్టకూడదంది. ఏ ఫోనులో చూస్తున్నామన్న దాని గురించి ఆ నిబంధన చెప్పలేదు. కంచె అక్కడ నిలబడింది. 2024 డిసెంబరులో మాటకు, ఎస్సెమ్మెస్‌కు మాత్రమే విడిగా ప్లాన్లు ఉండి తీరాలని ట్రాయ్ చెప్పింది. డేటా అక్కర్లేని మన పెద్దవాళ్ళకు అది మేలు. నా మటుకు నేను అడిగేది కొంచెమే. చవక ఫోను అమ్మేటప్పుడు, ఈ ప్లాను ఇందులోనే పనిచేస్తుందని డబ్బా మీద తెలుగులో, కళ్ళజోడు లేకుండా కనిపించేటట్టు రాయాలి. ఆ ఫోను పగిలిపోతే, కట్టిన ప్లానులో మిగిలిన రోజులు ఇంకో ఫోనులోకి రానివ్వాలి.

ఆ అమ్మాయి సంగతి అడుగుతారు. 2021లో పదో తరగతి పరీక్షలే రద్దు చేశారు కదా, అందరితోపాటు పాసయింది. ఇంటరులో లెక్కల గ్రూపు తీసుకుందామనుకున్న పిల్ల, "అయిదు నెలల లెక్కలు నాకు రావు సార్" అని వేరే గ్రూపులో చేరింది. ఆ అయిదు నెలల్లో మూడు నెలలు మన ఫోను వాళ్ళింట్లోనే ఉంది.

ఈ సంవత్సరం సంఘం మళ్ళీ ఫోన్లు పోగుచేస్తోంది. ఇప్పటికి 16 వచ్చాయని కార్యదర్శి చెప్పాడు. నాకు చూపించకుండా ఒక్కటి కూడా ఇవ్వవద్దని మనవి. మధ్యాహ్నం భోజనాలయ్యాక పదో తరగతి బి సెక్షను గదిలో కూర్చుంటాను. ఫోను ఇచ్చేవాళ్ళు అది ఎక్కడ కొన్నారో చెప్పండి. తీసుకునే పిల్లల అమ్మానాన్నలు ఇంట్లో ఉన్న సిమ్ తెచ్చుకోండి, మాట్లాడి, నెట్టు పెట్టి చూసుకున్నాకే తీసుకెళ్ళండి. పనిచేయకపోతే మొహమాటపడకండి. సిమ్ తీసే సూది నా దగ్గరుంది.