బత్తాయి చెట్టునకు ఎరువు ఎచ్చట వేయవలెను?
(రైతుల సభయందు చదువబడిన ఉపన్యాసము)



బత్తాయి తోట జొన్నచేను వంటిది కాదు. జొన్న చెడినచో ఒక యేటి నష్టముతో పోవును. బత్తాయి నాటిన రైతు నాలుగైదు సంవత్సరములు తోటపై సొమ్ము వెచ్చించుటయే కాని దానివలన పొందునది లేదు. అట్లు పెంచిన చెట్టు కాపునకు వచ్చి పదిహేను సంవత్సరములైనను ఫలింపవలసి యుండగా, ఎనిమిదవ యేటనో పదవ యేటనో కొమ్మలు కొనలనుండి యెండి చచ్చినచో, తోట కొఱకు చేసిన అప్పు తోటవలన తీరదు. నల్లగొండ ప్రాంతపు తోటల యజమానులకు ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. చెట్లు క్షీణించుటకు తెగుళ్లు, నేల దోషము, నీటి యెద్దడి మున్నగు కారణములు పెక్కు కలవు. అందు కొన్ని రైతు వశమున లేవు. ఎరువు మాత్రము పూర్తిగా అతని వశమున నున్నది.

పెక్కు తోటలలో కూలివారు గంపతో ఎరువు తెచ్చి చెట్టు మొదటనే క్రుమ్మరించి పోవుదురు. పని త్వరగా ముగియును. చూచుటకును ఎరువు వేసినట్లే యుండును. కాని చెట్టు ఆహారము గ్రహించు చోటు అది కాదు. ఈ మాట నమ్మని రైతు ఒక చెట్టు క్రింద రెండు చోట్ల, అనగా మొదలునకు మూరెడు దూరమున నొకచోటను, కొమ్మల అంచు నేలపై నీడ వేయు తావున మఱియొకచోటను, జానెడు లోతు మెల్లగా త్రవ్వి చూచిన చాలును. మొదటి చోట చేతి లావు వేళ్లు కానవచ్చును. అవి చెట్టును నిలువబెట్టుటకును, వచ్చిన ఆహారమును మోయుటకును ఉపయోగపడును. రెండవ చోట దారముల వంటి పీచు వేళ్లు మన్నును అల్లుకొని యుండును. నీటిని, ఎరువును గ్రహించునవి ఇవియే. ఇవి మిక్కిలిగా పై అడుగు, అడుగున్నర మట్టిలోనే యుండును.

మొదట వేసిన ఎరువు వ్యర్థమగుటతో పోదు, హానియు చేయును. తడి పెంట బెరడునకు తగిలి యుండినచో బెరడు మెత్తబడి కుళ్లి, పగిలి, బంక కారును. చివుకని పెంటయైనచో చెదలు చేరును. కావున చెట్టు చుట్టును రెండు వలయములుగా పాదు చేయవలెను. లోపలి వలయమున మట్టిని మొదటి చుట్టు కొంచెము మెఱకగా నుంచి, నీరు చొరనీయరాదు. వెలుపలి వలయము కొమ్మల అంచు వఱకు పోవలెను. నీరును ఎరువును అందే. చెట్టు పెరిగిన కొలది వలయమును వెలుపలికి జరుపవలెను. నాటిన నాటి పాదునే పదేండ్ల వఱకు నుంచుట కొన్ని తోటలలో కనబడుచున్నది. అది పెద్దవానికి పసిపిల్లవాని చొక్కా తొడుగుట వంటిది. పాదులో నాగలి లోతుగా సాగించుటయు కూడదు. పీచు వేళ్లు తెగిన చెట్టు క్రొత్త వేళ్లు పుట్టించుకొను వఱకు పస్తుండును. పారతో పైపైన రెండు మూడు అంగుళములు గుల్ల చేసిన చాలును.

ఇక ఎంత వేయవలెనను ప్రశ్న. సాత్‌గుడి బత్తాయికి సూచింపబడిన మోతాదు మొదటి యేట చెట్టు ఒక్కింటికి 300 గ్రాముల నత్రజని. ఏటేట అంతయే హెచ్చించుచు, అయిదవ యేట నుండి 1500 గ్రాములు ఇయ్యవలెను. ఇందు నాల్గవ వంతు పశువుల ఎరువు రూపమునను, నాల్గవ వంతు పిండి రూపమునను, సగము యూరియా రూపమునను ఇచ్చుట మేలు. పశువుల ఎరువు నూఱు కిలోలలో నత్రజని సుమారు అర కిలో మాత్రమే యుండును. కావున పెద్ద చెట్టునకు 75 కిలోల ఎరువు కావలెను. ఆముదపు పిండి నూఱు కిలోలలో నాలుగు కిలోలకు పైగా నత్రజని యుండును. అది తొమ్మిది కిలోలు చాలును. యూరియా కిలోన్నరకు కొంచెము పైగా పట్టును. వీనితో 350 గ్రాముల భాస్వరము, 400 గ్రాముల పొటాష్ చేర్చవలెను. యూరియా ఒక్కటియే వేయు రైతునకు ఆకులు నల్లగా నిగనిగలాడుచు కనబడును గాని, కాయ తోలు మందమై రసము తగ్గును.

ఆముదపు పిండి పశువులకు విషము. దానిని తోటకే పంపవలెను. వేరుశెనగ పిండి పశువునకు పెట్టి, ఆ పెంటను తోటకు వేయు రైతు ఒకే పిండిని రెండు మారులు వాడుకొన్నవాడగును.

పైన చెప్పిన పశువుల ఎరువు కుప్పగా ఎండలో పడియున్నచో దాని సత్తువ గాలికిని వానకును పోవును. పశువు విసర్జించు నత్రజనిలో సుమారు సగము మూత్రములోనే యున్నది. అది కొట్టపు నేలలో ఇంకిపోవుచున్నది. కొట్టములో పొడి మట్టిని పఱచి, తడిసిన మట్టిని గుంటకు చేర్చినచో ఆ సగము దక్కును. ఆల్బర్ట్ హోవర్డు 1924 నుండి 1931 వఱకు ఇండోరునందు చెత్త, పెంట, మూత్రము తడిసిన మట్టి, కొంచెము బూడిద పొరలు పొరలుగా వేసి, తిరుగవేయుచు, సుమారు మూడు నెలలలో చక్కని ఎరువు సిద్ధపఱచు పద్ధతిని నెలకొల్పెను. ఆ గుంటలు లోతు తక్కువగా నుండుట గమనింపవలసినది. లోతు హెచ్చిన గాలి ఆడదు. పిడకలుగా కాల్చిన పెంటలోని నత్రజని మాత్రము పొగలో పోవును. ఏ పద్ధతియు దానిని తిరిగి తేజాలదు.

జనవరి, ఫిబ్రవరి పూతకు డిసెంబరునందు నీరు ఆపి చెట్టును వాడనిచ్చు ఆచారము కలదు. తేలిక నేలలలో ఈ వాడు తక్కువ దినములు చాలును. ఆకులు రాలు వఱకు ఆగరాదు. వాడిన పిమ్మట వెలుపలి వలయమును గుల్లచేసి ఎరువు వేసి, మట్టి కప్పి, మొదటి తడి స్వల్పముగ నిచ్చి, క్రమముగ హెచ్చింపవలెను. యూరియాను ఒక్కసారిగా వేయక, సగము ఇప్పుడును, సగము జూన్, జూలై వానలకును ఉంచవలెను. మట్టి కప్పకున్న నది గాలికి పోవును.

ఇంత చేసినను కొన్ని చెట్ల చివురాకులు చిన్నవై, ఈనెలు పచ్చగ నుండగా నడుమ పసుపుబాఱి కనబడవచ్చును. రైతు దానిని చూచి మరల యూరియా గంప ఎత్తరాదు. అది జింకు కొఱత. లీటరు నీటికి అయిదు గ్రాముల జింకు సల్ఫేటు, రెండున్నర గ్రాముల సున్నము కలిపి, వడకట్టి, ఆకులు లేతగా నున్నప్పుడే చల్లవలెను. ఆకులు ముదిరిన పిమ్మట చల్లిన ఫలము స్వల్పము.