ఐర్లండులో ఒక రాతిసీమ

ఐర్లండు దేశపు పడమటి తీరమున క్లేర్ అను జిల్లా కలదు. ఆ జిల్లాకు ఉత్తరపు కొసను, సముద్రమునకు ఆనుకొని, బరెన్ అను సీమ యున్నది. వారి భాషలో ఆ మాటకు రాతినేల యని అర్థము. ఆ పేరు ఊరక పెట్టినది కాదు. దూరమునుండి చూచిన ఆ కొండలు ఒడలెల్ల విభూతి పూసికొని కూర్చున్న బైరాగులవలె కనబడును. చెట్టు అరుదు, చేను అరుదు. మెట్లుమెట్లుగా దిగివచ్చిన సున్నపురాయియే ఎటు చూచినను. ఇందు చూడదగినదేమున్నదని మీరడుగవచ్చును. నాలుగు దినములు ఆ రాళ్ళమీద నడచి వచ్చినవాడను గనుక నాకు తెలిసినంత మనవి చేసెదను.

1651లో క్రామ్వెల్ సేనాని లడ్లో ఈ సీమకు దండుతో వచ్చి, చచ్చినవానిని పాతుటకు చాలినంత మన్నైనను ఇచట లేదని విసుగుకొనెను. అయినను రాళ్ళ సందులలోని గడ్డి మేసి ఇచటి పశువులు చక్కగా బలిసియున్నవని కూడ ఆయనయే వ్రాసెను. ఆ రెండవ సంగతిని పట్టుకొని నడచినవారికి ఈ సీమ బోధపడును.

సుమారు 33 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ ప్రదేశము వెచ్చని సముద్రపు అడుగున నుండెను. గవ్వలు, పగడములు మొదలగువాని శేషములు పొరలుపొరలుగా పేరుకొని రాయి యైనవి. తరువాతి మంచుయుగములో కదలివచ్చిన మంచుగడ్డలు పైనున్న మట్టిని గీకివేసినవి. వాననీరు రాతి నెరియలను కరగించి వెడల్పు చేసినది. మన ఇండ్లలో పరచు కడప బండయు సున్నపురాయియే గదా. అట్టి బండలను మైళ్ళకొలది పరచి, నడుమనడుమ జానెడు వెడల్పున, మూరెడు లోతున సందులు విడిచినట్లు ఊహించుకొనుడు. ఆ సందులలో మే నెలలో పూచు పూవులకొరకే పరదేశములనుండి జనము వచ్చుచుందురు. ఐర్లండు దేశపు స్వంత మొక్కల జాతులలో ఇంచుమించు ముప్పాతిక వంతు ఈ చిన్న సీమలోనే కలవు. ధ్రువప్రాంతపు మంచునేలలో పెరుగు మొక్కయు, మధ్యధరా తీరపు ఎండలో పెరుగు మొక్కయు ఇచట ప్రక్కప్రక్కన పూచును. జెన్షియన్ అను చిన్న నీలిపూవొకటి యున్నది. దాని రంగునకు నెమలికంఠము తప్ప వేరు పోలిక నాకు దొరకలేదు.

ఈ పూవులకు పశువులే కాపు అనిన మీకు వింతగా నుండును. ఐరోపాలో కొండప్రాంతములవారు సాధారణముగా వేసవిని మందలను కొండకు తోలి, చలికాలమున క్రిందికి దింపుదురు. బరెన్ రైతుల పద్ధతి దీనికి తలక్రిందులు. అక్టోబరు చివర మందను కొండ యెక్కించి, వసంతమున దింపుకొందురు. వేసవిలో ఆ కొండమీద పశువులకు నీరు చాలదు. పడిన వాన పడినట్లే సందులలోనికి ఇంకిపోవును. చలికాలమున ఆ యిబ్బంది లేదు. పైగా వేసవియంతయు ఎండకు కాగిన రాయి ఆ వేడిని మెల్లమెల్లగా విడుచుచుండును. కాలిక్రింద బురద యుండదు, గడ్డిలో సున్నపు సత్తువ యుండును. పశువులు ముదురుగడ్డిని మేసివేయుటచే మే నెలకు చిన్న మొక్కలకు వెలుతురు దొరకును. అవి పూచు వేళకు త్రొక్కుటకు మంద అక్కడ నుండదు.

గడచిన శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ ఆచారము సన్నగిల్లినది. పిల్లలు ఉద్యోగములకై పట్టణములకు పోయిరి. మందను కొండమీద చూచుకొనుటకంటె ఇంటివద్ద నిలువ మేత వేయుట సులువుగా తోచినది. మేపు తగ్గినచోట హేజెల్ అను పొద అల్లుకొని పూలనేలను మ్రింగసాగినది. 2005 మొదలు 2010 వరకు శాస్త్రజ్ఞులును రైతులును కూడి పరీక్షలు చేసి ఒక ఏర్పాటు కుదిర్చిరి. పొలమును చూచి పదింటికి ఇన్నియని మార్కులు వేసి, ఆ మార్కులనుబట్టి రైతునకు సొమ్మిత్తురు. మార్కులు పెంచుకొను ఉపాయము రైతునకే విడిచిరి. నాకీ పద్ధతి మిక్కిలి నచ్చినది. నేను బసచేసిన ఇంటి యజమాని అరువదియేండ్లు దాటినవాడు. తన పొలమునకు వచ్చిన మార్కులను, బడిపిల్లవాడు తండ్రికి పలక చూపినట్లు నాకు చూపెను.

ఇక యాత్రికుడు చూడవలసిన చోట్లు. బాలివాన్ అను తీరపు ఊరినుండి దక్షిణముగా అయిదు మైళ్ళు పోయిన, పోల్‌నబ్రోన్ అను రాతిసమాధి కనబడును. నిలువురాళ్ళపై వాలుగా కప్పిన పెద్ద బండ. మన ములుగు అడవులలో రాక్షసగుళ్ళని పిలుచు కట్టడములను చూచినవారికి అది పరాయిగా తోచదు. ఐర్లండు జనులు ఇట్టివానిని తమ పాతకథలోని ప్రేమికులైన డియర్మిడ్, గ్రాన్యల పడకలందురు. మనవారికి రాక్షసులు తోచినచోట వారికి ప్రియులు తోచిరి! వయస్సున మాత్రము అది మనవానికంటె చాల పెద్దది. 1985లో ఒక నిలువురాతికి పగులు కనబడగా, 1986, 1988 సంవత్సరములలో ఆన్ లించ్ అను పురాతత్త్వజ్ఞురాలు అచట త్రవ్వకము జరిపించెను. ముప్పదిమందికి పైగా మనుష్యుల ఎముకలు బయటపడినవి. క్రీస్తు పూర్వము 3800 ప్రాంతమునుండి కొన్ని వందల యేండ్లు వాని నందుంచుచు వచ్చిరి. పెద్దవారిలో చాలమంది ముప్పది యేండ్లు నిండకయే పోయిరి. బరువులు మోసి మోసి కీళ్ళు అరిగినవారు వారు. ఒకరి తుంటియెముకలో రాతిములుకు గ్రుచ్చుకొని అట్లే నిలిచియున్నది. ఆ సమాధిచెంత వేడుకకై చిన్నచిన్న రాతిబల్లలు పేర్చిపోవువారు కలరు. అందులకై నేలనుండి పెరికిన రాతి క్రిందనే పూలమొక్క వేరుండును. ఇది మంచి వేడుక కాదు.

తూర్పున స్లీవ్ క్యారన్ కొండ క్రింద ఏడవ శతాబ్దపు కోల్మన్ అను మునియొక్క గుహయు, శిథిలమైన ప్రార్థనామందిరమును, ఒక పవిత్రమైన ఊటయు ఉన్నవి. హేజెల్ చెట్ల నీడలో అరగంట నడువవలెను. ఉపవాసమున్న ముని శిష్యుడు పండుగనాడు ఆకలికి తాళలేకపోయెనట. అదే సమయమున గ్వారె రాజు ముందు వడ్డించిన పళ్ళెరములు గాలిలో లేచి ముని గుహకు పోయెనట. రాజు గుఱ్ఱములపై పరివారముతో వెంబడింపగా, గుఱ్ఱముల కాళ్ళు రాతికి అంటుకొనిపోయెనట. ఆ బండకు నేటికిని పళ్ళెరముల బాట యని పేరు. అచటి ముసలివారు గుఱ్ఱపు డెక్కల గుంటలివిగో యని చూపుదురు. ఇట్టి గుంటలు చూపని ఊరు మన దేశమున మాత్రమెన్ని యున్నవి?

అచటికి చేరువనే కార్కమ్రో మఠము. 1200 ప్రాంతమున సిస్టర్షియన్ సన్న్యాసులు కట్టినది. వారు లాటినున పెట్టుకొన్న పేరునకు సారవంతమైన శిలయందలి మేరీమాత యని అర్థము. సేనానికంటె సన్న్యాసులే ఈ నేలను బాగుగ నెరిగిరి. స్తంభముల తలలపై పూవులు చెక్కియున్నవి. 1268లో గతించిన కానర్ ఓబ్రయిన్ రాజు శిలాప్రతిమ గోడ ప్రక్కను పరుండియున్నది.

ఐల్వీ గుహ, 1940 ప్రాంతమున ఒక రైతు కుక్క కుందేలును తరుముకొని పోయి బయటపెట్టినది. రైతు ఆ సంగతిని ముప్పదియేండ్లు గుట్టుగా నుంచెనట. నైరృతిమూలను, సున్నపురాయి ముగిసినచోట, మోహర్ కొండకొమ్ములు 700 అడుగుల యెత్తున సముద్రముపై నిలిచియున్నవి. వాని కీర్తి జగమెరిగినదే. ఎక్కువ జనము బస్సు దిగి, వానిని మాత్రము చూచి, మరల బస్సెక్కి పోవుదురు. అంచు విరిగిపడు స్వభావము కలది గనుక అచట గోడ దాటరాదు.

నా మనస్సు నిలిచినది ఆగ్నేయమున మల్లగ్‌మోర్ కొండవద్ద. అచట పొరలు వంగి, చుట్టచుట్టిన చాపవలె నున్నవి; క్రింద వానకాలమున నిండి, ఎండకాలమున ఎండిపోవు మడుగులు. 1991లో ప్రభుత్వము ఆ కొండపాదమున యాత్రికులకై పెద్ద భవనము కట్టదలచెను. ఊళ్ళు రెండుగా చీలెను. పనులు దొరకునని కోరినవారు కొందరు. బండ్లతో, జనముతో కొండ చెడుననియు, ఆ భవనమును ఊరిలోనే కట్టవలెననియు కొందరు. ఇరువురి మాటయందును న్యాయమున్నది. బిడ్డలు వలసపోవుచున్న ఇంటివాడు పని కోరుట తప్పు కాదు. కట్టడము మొదలైన పిమ్మట వ్యాజ్యము వచ్చెను. ప్రభుత్వమైనను ప్రణాళికానుమతి లేనిదే కట్టరాదని 1993లో న్యాయస్థానము తీర్పు చెప్పినది. మరి యేడేండ్లు వాదములు నడచి, 2000లో అనుమతి నిరాకరింపబడెను. 2001లో కట్టినంతవరకు పెరికివేసి నేలను పూర్వస్థితికి తెచ్చిరి. ఆ చోటును నాకు చూపుటకు వచ్చిన గ్రామస్థుడు గడ్డిలో అటునిటు తిరిగి, ఇచటనో అచటనో యని కొంతసేపు వెదకవలసివచ్చినది.