గుట్టలు, చుక్కలు, మన పిల్లలు
(సంస్థ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన ఏడాది సమావేశం అయ్యాక ఒక పెద్దమనిషి నన్ను ఆపి అడిగారు: “టీచరమ్మా, ఫీజులకిస్తాం, పుస్తకాలకిస్తాం. ఈ గుట్టలెక్కడం, అడవిలో పడుకోవడం దేనికి? పిక్నిక్‌కు కూడా చందాలా?” ఆ రోజు భోజనాల హడావిడిలో నవ్వి ఊరుకున్నాను. ఇవాళ అధ్యక్షులవారు పది నిమిషాలిచ్చారు కాబట్టి జవాబు చెబుతాను. ముందుగా ఒక మాట. జకాత్ సొమ్ము ఒక్క రూపాయి కూడా దీనికి ముట్టలేదు. దీనికనే ఇష్టపడి ఇచ్చినవారి డబ్బు వేరు, దాని లెక్కల పుస్తకం వేరు.

మొదలుపెట్టింది మన మౌలా అలీ గుట్ట దగ్గరే. లాలాపేట పిల్లలకు అది కొత్త కాదు, జియారత్‌కు అమ్మమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లినవాళ్లే. నాలుగు వందలకు పైగా మెట్లెక్కి, దర్శించుకుని దిగిపోతారు. కాళ్ల కింది బండను ఎవరూ చూడరు. నేను సోషల్ టీచర్ని, ఊరుకోలేను కదా. మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను: ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఆ గుండ్రటి బండల్ని ఒకదాని మీద ఒకటి ఎవరూ పేర్చలేదు. ఎండకూ వానకూ ఉల్లిపాయ పొరల్లా ఊడుతూ, ఉన్నచోటే అలా గుండ్రంగా మిగిలాయి. ఒక పిల్లవాడు చెంప ఆనించి ఆ రాయిని తాకాడు. వాడు తరగతిలో ఎప్పుడూ వెనక బెంచీలో నిద్రపోయేవాడు.

తర్వాత భువనగిరి. మౌలా అలీ, ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా రైల్లో పోవచ్చు. ఒకే రాతి గుట్ట, 500 అడుగులకు పైగా ఎత్తు. పడమటి చాళుక్యరాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయి, భువనగిరిగా మిగిలింది. ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. మొదటిసారి ఆలస్యంగా బయలుదేరదీశాను, తలకొక అర లీటరు నీళ్లు చాలనుకున్నాను. దిగేసరికి మధ్యాహ్నమైంది, బండ పెనంలా కాలింది. ఒక అబ్బాయికి కళ్లు తిరిగాయి. నీడలో పడుకోబెట్టి, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు తాగిస్తుంటే నా చేతులు వణికాయి. వాడు లేచి నవ్వేదాకా వాడి తల్లి ముఖమే నా కళ్ల ముందు. అప్పటినుంచి ఫజర్ నమాజు కాగానే బయలుదేరడం, తలకు రెండు లీటర్ల నీళ్లు, పదింటికల్లా కిందికి దిగడం. అత్తరు రాసుకుని రావద్దని కూడా చెబుతాం. బండల మీద తేనెపట్లుంటే ఘాటు వాసనకు తేనెటీగలు రేగుతాయి. మగపిల్లలకు ఈ నియమమే అన్నిటికన్నా కష్టం!

“మన పిల్లలకు పర్వతాలెందుకు” అన్నవారికి ఒక సంగతి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి, వ్యవసాయ కూలీల బిడ్డ, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా పిల్లవాడు. వాళ్లు బండలెక్కడం నేర్చింది ఈ భువనగిరిలోనే.

మన పిల్లల్ని ఎవరెస్టు పంపమని నేను అడగడం లేదు. దీన్ని చదువు అని పేరు పెట్టి అడిగితే మీరు తేలిగ్గా ఇస్తారని నాకు తెలుసు. కానీ నిజం చెప్పాలి, మొదట ఇది సంతోషం. కలిగినవాళ్ల పిల్లలు వేసవికి ఊటీ పోతే దేనికని ఎవరూ అడగరు. రెండు గదుల ఇంట్లో ఏడుగురి మధ్య చదువుకునే పిల్లను మాత్రం అడుగుతాం.

డిసెంబరులో, అనుమతులు తీసుకుని, వికారాబాద్ దగ్గర అనంతగిరిలో ఒక రాత్రి ఉన్నాం. అక్కడ చెట్ల మధ్య సన్నని నీటి ధార చూపించి “ఇదే మన మూసీ” అన్నాను. ఎవరూ నమ్మలేదు. నాగోలు వంతెన మీద ముక్కు మూసుకునే పిల్లలు వాళ్లు. ఒకమ్మాయి దోసిట్లోకి తీసుకుని వాసన చూసి, “టీచర్, మరి మన దగ్గరికి వచ్చేసరికి దీన్ని ఎవరు పాడుచేశారు?” అంది. చాలాసేపు మాట్లాడుకున్నాం. నా బీఎడ్‌లో అలాంటి పాఠం చెప్పడం ఎవరూ నేర్పలేదు.

రాత్రి ఖిచిడీ తిన్నాక టార్చిలైట్లన్నీ ఆర్పించాను. పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపు, కృత్తికలు, నెత్తి మీద ఉంది. అరబ్బులు దాన్నే సురయ్యా అంటారన్నాను. చీకట్లోంచి ఒక కేక: “మా నానీ పేరు!” ఆ వెనకే వచ్చే ఎర్రటి చుక్క అల్డెబరాన్. ఆ పేరూ అరబీదే, వెంట నడిచేది అని అర్థం. ఆ నానీ పేరిట ఆ రాత్రి ఎన్నిసార్లు నవ్వుకున్నామో.

ఆడపిల్లల్ని రాత్రి బయట ఉంచడానికి తల్లులు ఒప్పుకోలేదు. వాళ్ల భయం తప్పని నేననను, నాకూ కూతుళ్లున్నారు. “అయితే మీరే రండి” అన్నాను. ఇద్దరు వచ్చారు. ఒకామె ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడుతుంది. పెళ్లయి వచ్చాక హైదరాబాదు దాటలేదట. తెల్లవారి కొండ ఎక్కేటప్పుడు చెప్పులు జారుతుంటే విప్పి చేత్తో పట్టుకుంది. పైన కూర్చుని చాలాసేపు పలకలేదు. కూతురు రెండుసార్లు పిలిచినా దిగలేదు.

పిల్లల పాత చెప్పులు బండ మీద జారతాయని, ఈసారి రబ్బరు అడుగున్న కాన్వాసు బూట్లు కొనాలని అనుకున్నాం. నేను సైజులు రాసుకుంటుంటే ఆమె పక్కకు పిలిచి మెల్లిగా అంది: “ఆపా, నా పేరు కూడా రాయండి. నాది ఆరో నంబరు.”

రాశాను. జాబితా కార్యదర్శి గారి దగ్గర ఉంది.