పెరట్లో పిట్టలు

పొద్దున్నే కాఫీ గ్లాసుతో పెరట్లో పది నిమిషాలు కూర్చోండి. మామిడికొమ్మ మీద కూసే నల్లటిది మగకోయిల. ఆడదానికి గోధుమరంగు ఒంటిమీద తెల్లచుక్కలు. అదీ కోయిలేనంటే చాలామంది నమ్మరు. తోకకింద ఎర్రగా కనిపిస్తే పిగిలిపిట్ట.

రామచిలుకల్లో ఎదిగిన మగదానికే మెడచుట్టూ కంటె, ఆడదానికి బోసిమెడ. ఇదేం న్యాయమండీ! 2018 నుంచీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రపక్షి ఇదే. అయినా పిల్లలు ముచ్చటపడ్డారని పంజరంలో పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

మన కోనసీమలో తల విరిగిన కొబ్బరిమోడు తొర్రలోనూ చిలుక గుడ్లు పెడుతుంది. మోడు అడ్డమని కొట్టించేముందు తొర్రకేసి రెండు రోజులు చూడండి. మాఘ ఫాల్గుణాల్లో చిలుకలు వచ్చిపోతూంటే లోపల గుడ్లో పిల్లలో ఉన్నట్టే. పని వేసవి చివరికి వాయిదా వేయించండి. మోడు ఎక్కడికీ పోదు.