చూచి నేర్చిన ధైర్యము

అరకు లోయలో థింసా నృత్యపు వరుసకు దూరముగా బెరుకుతో నిలిచిన బాలికకు ఎవరును ఉపన్యాసమీయరు. తోడివారి అడుగులు చూచి చూచి, ఒక చేయి అందగానే ఆమెయు కలియును.

భయమునకు ఇట్టి చికిత్సయే కలదు. 1967లో ఆల్బర్ట్ బండూరా బృందము, కుక్కకు జడియు మూడు మొదలు ఐదేండ్ల పిల్లలకు, నిర్భయుడగు తోడి బాలుని నాలుగు దినములలో ఎనిమిది మారులు చూపెను. వాడు మొదట కంచె వెలుపలనుండి కుక్కను నిమిరెను. తుదకు కంచెలోనే దానితో ఆడెను. చూచిన పిల్లలలో పెక్కురు తామును అట్లే చేయగలిగిరి. కుక్కను మాత్రమే చూచినవారికి అంత ఫలము కలుగలేదు.

అయితే మహావీరునే చూపనక్కరలేదు సుమా! తనవలెనే జంకి, పిదప కుదుటపడినవానిని చూచుట మేలు. బొర్రా గుహల చీకటికి వెఱచు పిల్లవానిని వెనుకనుండి త్రోయకుడు. వాని యీడు వానినొకనిని దీపముతో ముందు నడువనిండు.