పాత కారు తాళములు, తాళపుచెవులు
(తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



మన బాలబాలికలు చదువుతోబాటు ఏదైన నొక చేతిపని నేర్వవలెనని కోరువారు మీలో పెక్కురు కలరు. అందుచే నేడు మేము పాత మోటారు కారులకు తాళపు సిలిండరులు మార్చుట, వానికి చెవులు కుదుర్చుట అను పనిని గూర్చి ముచ్చటింపదలచితిమి. మనలో కొందరు తాళమును బీగమందురు; ఏ పేరున పిలిచినను లోపలి కీలకమొక్కటే.

జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయిలో కారులు కూర్చు కర్మాగారమును నెలకొల్పి 1954 వరకు నడపిరి. నాటి షెవ్రొలే బండ్లను ప్రాణప్రదముగా కాపాడుకొనువారు నేటికిని కలరు. అట్టివారి చెవులగుత్తి చూడుడు: ఇంజనుకొకటి, ఒక్కొక్క తలుపునకొకటి, డిక్కీకి మరియొకటి. ఒక తాళము చెడినప్పుడెల్ల దొరికినదానిని బిగించుటచే వచ్చిన తిప్పలివి. సామాన్యముగా ఆ కంపెనీ బండికి రెండే చెవులు. ఒకటి ఇంజనుకును తలుపులకును, రెండవది డిక్కీకిని ముందరి చిన్న అరకును. బండిని పరుల చేతికిచ్చినపుడు రెండవదానిని మనయొద్దనే ఉంచుకొనవచ్చును. ఎంత ముందుచూపు!

1935 మొదలు ఆ కంపెనీ వాడిన సిలిండరులో ఆరు పలుచని ఇత్తడి బిళ్ళలుండును. చెవి గాట్లు వానిని తగినంత కదల్పగా, బిళ్ళల అంచున ఉన్న నొక్కులు ఒక వరుసకు వచ్చును. అప్పుడు ప్రక్కనున్న కడ్డీ ఆ నొక్కులలోనికి దిగి సిలిండరును తిరుగనిచ్చును. 1966 వరకు బిళ్ళలు నాలుగు రకములే. అయినను ఆరు స్థానములలో లెక్కకు 4096 కూర్పులు వచ్చును.

కావున చెవి కుదురలేదని మంచి సిలిండరును పారవేయ నక్కరలేదు. లోపలి బిళ్ళలను తీసి, తక్కిన తాళముల వరుసలోనే అమర్చిన చాలును. సిలిండరే పాడైనచో అదే జాతిది తెచ్చి అట్లే అమర్చవలెను. కొందరు బిళ్ళలను ఆకురాయితో రాచి ఎట్లో తిరుగునట్లు చేయుదురు. అది తాళము కాదు, తాళపు బొమ్మ. ఏ చెవికైనను లొంగును.

అరిగిన చెవికి నకలు తీయింపకుడు. అరుగుదలయు నకలులోనికి దిగును. నకలుకు నకలు తీయించిన, ఒకనాడు అది దారిలో ఇంటిల్లిపాదిని ఎండలో నిలబెట్టును. సంఖ్యను బట్టియే కోయింపవలెను. కొత్త చెవి తలలో సంఖ్యగల చిన్న లోహపు ముక్క ఉండెడిది. సంఖ్య వ్రాసికొని దానిని ఊడగొట్టవలెనని కంపెనీవారి ఉద్దేశము. లేనిచో చెవిని చూచిన ప్రతివాడును దొంగచెవి చేయించుకొనగలడు. సంఖ్య పోయినచో బిళ్ళల వరుసను చూచి గాట్లు నిర్ణయింపవచ్చును.

1950ల నాటి పెక్కు షెవ్రొలేలలో ఇంజను సిలిండరు ముఖమున సన్నని రంధ్రముండును. ముందుగా బ్యాటరీ తీగ విప్పి, చెవిని తగిన తావునకు త్రిప్పి, ఆ రంధ్రములో తీగను నొక్కినచో సిలిండరు వెలికి వచ్చును. చెవి లేనిదే ఇది సాగదు; కనుక మొదట చెవి, తరువాత తాళము. నూనె పోయరాదు, దుమ్ము పట్టి జిగురగును. గ్రాఫైటు పొడి మేలు.

మీ యిండ్లలో పనికిరాని పాత సిలిండరులున్నచో మన చేతిపనుల గదికి పంపగోరుచున్నాము. పిల్లలు విప్పి, మరల కూర్చి నేర్చుకొందురు.